ఏడో కుర్చీకి యాభై నడుములు

ఏయ్, ఆ మూల గుసగుసలు ఆపండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ముందున్నవాళ్ళు కాస్త సర్దుకోండి. పొడుగాయనా, నువ్వు గోడకి ఆనుకో బాబూ, నీ తల వెనక ముగ్గురికి చీకటైపోతోంది. ఆ, ఇప్పుడు బాగుంది. నేను చెప్పేదాంట్లో అబద్ధం ఎక్కడైనా తగిలితే అది నిజం కంటే అందంగా ఉందని పెట్టాను తప్ప, మిమ్మల్ని మోసం చెయ్యాలని కాదు. చెవులు ఇటు పెట్టండి.

పోయిన వారం రానివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. మెట్లవీధి వార్డు మెంబరు కుర్చీ ఖాళీ అయింది. అందులో కూర్చున్న పాత మెంబరు చచ్చిపోలేదు, రాజీనామా చెయ్యలేదు. నిద్రపోయాడు. వరసగా మూడు మీటింగులు నిద్రపోయాడు. ఎంత నిద్రంటే, మొదటి మీటింగులో ఆయన కళ్ళు మూసిన రోజున కిటికీ అవతల ఒక మొక్క నాటారు, మూడో మీటింగుకి ఆ మొక్క నీడ ఆయన మొహం మీద పడింది. హాజరు పుస్తకంలో గుమాస్తా ఉన్నది ఉన్నట్టు రాశాడు: "గురక ఉంది, మనిషి లేడు." మూడు మీటింగులు మనిషి లేకపోతే కుర్చీ పోతుందని రూలు. పోయింది.

ఖాళీ అయిన కుర్చీకి అరవై రోజుల్లో దరఖాస్తు అందాలి. ఆ వార్డు మనిషి ఎవరైనా దరఖాస్తు పెట్టాలి, దాని కింద అదే వార్డువాళ్ళు యాభై మంది సంతకం చెయ్యాలి, మర్నాడు సభలో అధ్యక్షుడితో కలిపి మిగిలిన ఆరుగురూ చేతులెత్తి ఎవరికివ్వాలో తేల్చాలి. అరవయ్యో రోజు సాయంత్రం అయిదు దాటిందా, ఇక అంతే. మళ్ళీ ఎన్నికలొచ్చేదాకా, అంటే రెండేళ్ళు, కుర్చీ అలా దుమ్ము పట్టాల్సిందే. ఏ వార్డు పని ఆ వార్డు మెంబరే సభలో అడగాలి గనక, ఈ రెండేళ్ళూ మెట్లవీధికి నోరు లేనట్టే.

మెట్లవీధికి కావలసింది ఒక్కటే. పట్టుకుని దిగడానికి ఇనుప కమ్మి. అక్కడ నూట పన్నెండు మెట్లున్నాయి. నలభయ్యో మెట్టు దగ్గర్నుంచి ఓ ఎనిమిది మెట్లకి రాళ్ళు వదులైపోయాయి. గాలి కాస్త గట్టిగా వీచిందంటే, పై ఇంట్లో కాఫీ అందుకున్నవాడు కింది ఇంటి గుమ్మంలో తాగుతాడు.

ఆ నూట పన్నెండో మెట్టు మీద టైలరమ్మ ఇల్లు. ఇంట్లో ఆమె, ఆమె అత్తగారు. మొగుడు లారీ నడుపుతాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో కనిపిస్తే గొప్ప. నాలుగేళ్ళ కిందట ముసలావిడ ఆ వదులు మెట్ల మీద జారి మోకాలు పోగొట్టుకుంది. అప్పట్నుంచి కిందికి దిగలేదు. కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దింపుతుంది, కూరగాయలైనా రొట్టైనా అందులో వేస్తే పైకి లాక్కుంటుంది. అత్తను మళ్ళీ వీధిలో నడిపించాలి, దానికి కమ్మి కావాలి, కమ్మికి కుర్చీ కావాలి. అందుకని టైలరమ్మ దరఖాస్తు పెట్టింది. యాభై సంతకాలు పోగేసి, కాగితాల కట్ట చంకలో పెట్టుకుని ఆమె ఆఫీసు గుమ్మం ఎక్కుతుండగా మనం ఆపాం. అరవయ్యో రోజు. మధ్యాహ్నం మూడు గంటలు.

ఇక వినండి.

గుమాస్తా చెక్క జాలీ వెనక కూర్చుని, తడి స్పాంజి మీద బొటనవేలు అద్ది కాగితాలు లెక్కపెట్టాడు. హాల్లో పైన ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద పనులకొచ్చినవాళ్ళు నలుగురైదుగురు కూర్చున్నారు. తలుపు పక్కన అధ్యక్షుడు నిలబడి ఉన్నాడు. ఆయన ఒకప్పుడు బస్సు కండక్టరు. ఇల్లు మెట్లవీధిలోనే. ఇప్పుడు ఊరంతా కలిసి ఎన్నుకున్న అధ్యక్షుడైనా అందరూ కండక్టరు గారనే అంటారు, ఆయన కూడా మీటింగులో తలుపు దగ్గర గుంపు చూస్తే "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అనే అంటాడు. చెడ్డవాడు కాదు. కానీ ఆరుగురే ఉన్న సభలో ముగ్గురు ఇటూ ముగ్గురు అటూ చీలితే అధ్యక్షుడి మాటే నెగ్గుతుంది. ఏడో మనిషి వచ్చి కూర్చుంటే ఆ దర్జా పోతుంది. ఆ దర్జా ఆయనకి ఎండాకాలం గొడుగులాంటిది.

"యాభై," అన్నాడు గుమాస్తా. "సరిగ్గా యాభై. ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు."

"ఎక్కువెందుకండీ," అంది టైలరమ్మ. "బట్టయినా సంతకమైనా సరిపోయినంత ఉంటే చాలు."

గుమాస్తా రెండో కాగితం తిప్పాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏవిటమ్మా ఇది?"

"సంతకాలండీ."

"సంతకం సరే. దానికి ముందు ఇదేంటి? మెడ పదిహేడు, ఛాతీ నలభై రెండు, నడుము నలభై ఆరు?"

"అదా! అది కొలతండీ."

ఇక్కడే ఉంది అసలు సంగతి. దరఖాస్తు ఫారంలో సంతకాలకి పదే గీతలున్నాయి. చాలకపోతే వేరే కాగితాలు జత చెయ్యమని కింద అచ్చు వేసి ఉంది. టైలరమ్మ దగ్గర వేరే కాగితాలంటే ఏముంటాయి? కొలతల పుస్తకం. అందులో వీధి వీధంతా ఇంటి వరసన ఉంది, పేర్లు గుండ్రటి చేత్తో శుభ్రంగా రాసి ఉన్నాయి. ఉన్న పేర్లు మళ్ళీ రాయడం దేనికని, పేజీలు చింపి, ఎవరి పేరు పక్కన వాళ్ళ చేత సంతకం పెట్టించింది. పెట్టినవాళ్ళు కూడా ఆవిడ వేలు పెట్టి చూపించిన చోటే చూశారు. ఆవిడ దృష్టిలో ఆ అంకెలు ఎవరికీ కనపడని వస్తువులు. పాతికేళ్ళుగా చూస్తున్నవి కదా, మనకి మన గోడ కనపడుతుందా?

అంకెలొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. పక్కన ఆవిడ తన కోసం రాసుకున్న ముక్కలు కూడా ఉన్నాయి. గుమాస్తా పైకి చదవడం మొదలుపెట్టాడు, చదువుతున్నట్టు ఆయనకే తెలీదు.

"ఎడమ భుజం కిందికి. అడిగితే గాలి వల్ల అంటాడు... ఈవిడకి కొలత చెప్పకూడదు, కుట్టి ఇచ్చెయ్యాలి... పోయినేడు కంటే రెండంగుళాలు పైన, బట్ట కుంచించుకుపోయిందని నేనే అనాలి... నడుము నలభై ఆరు, ముప్పై ఎనిమిదని చెప్తాడు, నవ్వకూడదు. ఇదెవరమ్మా?"

"మా బావ."

బల్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడ్డారు. గుమాస్తా మాత్రం నవ్వలేదు. రూళ్ళ పుస్తకం తీశాడు. ఆ పుస్తకం ఎంత లావంటే, దాన్ని తెరిచినప్పుడల్లా ఆఫీసు ఒక పక్కకి ఒరుగుతుందని చెప్పుకుంటారు.

"కాగితం ఏదైనా ఫర్వాలేదు, చెల్లుతుంది," అన్నాడు.

టైలరమ్మ ఊపిరి పీల్చుకుంది.

"కానీ సాయంత్రం అయిదింటికి వీటిని బయట బోర్డుకి అతికించాలి. ఓటయ్యేదాకా ఊరందరికీ కనపడుతూ ఉండాలి. ఎవరు ఎవరి వెనక ఉన్నారో తెలియాలి కదా."

ఆమె మొహంలో రంగు దిగిపోయింది. "ఇవా? ఇలాగేనా? పోనీ కొలతలు కొట్టేస్తానండీ."

"దిద్దిన కాగితం చెల్లదు. గీత గీసేది నేనే, అదీ ఎవరైనా వచ్చి సంతకం వెనక్కి తీసుకుంటేనే."

"కత్తిరిస్తా. కత్తెర సంచిలోనే ఉంది."

"కత్తిరించినదీ చెల్లదు."

"కొత్త కాగితం మీద మళ్ళీ అందరి చేతా..."

"దీని మీద పెట్టిన మనిషి ఇంకో కాగితం మీద పెట్టకూడదమ్మా." గుమాస్తా గొంతులో జాలి ఉంది, కానీ జాలి గురించి పుస్తకంలో ఏమీ రాసి లేదు. "మీ వార్డులో సంతకానికి పనికొచ్చేవాళ్ళు మొత్తం యాభై ఒక్కరు. నువ్వూ, సభలో ఉన్న కండక్టరు గారూ, ఊళ్ళో లేనివాళ్ళూ లెక్కలోకి రారు. యాభై మంది పెట్టేశారు. మిగిలింది ఒక్కరు."

ఆ ఒక్కరు ఎవరో టైలరమ్మకి తెలుసు. వారం రోజులు బతిమాలినా కలం ముట్టని వాళ్ళత్త.

కండక్టరు దగ్గరికొచ్చి తియ్యగా అన్నాడు: "బోర్డుకి పొద్దున్నే కొత్త బల్బు వేయించానమ్మా. ఒక్క అంకె కూడా చదవలేదని ఎవరూ అనకూడదు."

బల్ల మీదవాళ్ళలో ఎవరో జారుకున్నారు. వార్త ఆ మెట్లెక్కిన వేగానికి మెట్ల మీద దుమ్ము లేచి, ఆరేసిన బట్టలన్నీ రెండోసారి ఉతకాల్సి వచ్చింది. మూడూ ఇరవైకల్లా ఆఫీసులో సంతకాలు వెనక్కి తీసుకునేవాళ్ళు పందొమ్మిది మంది వరసలో ఉన్నారు. అందరూ చేతులు కట్టుకుని, పొట్టలు లోపలికి లాక్కుని నిలబడ్డారు. వరస మొదట్లో పరుపుల బావ.

బావంటే టైలరమ్మ అక్కమొగుడు. మెట్ల మధ్యలో పరుపుల కొట్టు. కొట్టు మీద పెద్ద బోర్డు: "మా పరుపు మీద పడుకోండి, పొట్ట తగ్గించుకోండి." దాని పక్కన బావ బొమ్మ. నడుము గియ్యడం పెయింటరు మర్చిపోయాడేమో అన్నంత సన్నంగా ఉంటుంది.

"మరదలా, ఎంత పని చేశావే!" అన్నాడు బావ, ఏడుపు గొంతుతో.

"కావాలని చేశానా బావా? అలవాటు కొద్దీ చేశా."

"నలభై ఆరని బోర్డెక్కితే రేపట్నుంచి నా పరుపు మీద ఎవడు పడుకుంటాడు? ఆ బొమ్మ చూసి కొంటున్నారే జనం!"

"ముప్పై ఎనిమిదని నువ్వు చెప్తే నేనెప్పుడైనా కాదన్నానా? పదేళ్ళుగా నలభై ఆరుకి కుట్టి, లోపల ముప్పై ఎనిమిదని పట్టీ వేసి ఇస్తున్నా."

వరసలో కలకలం. పద్దెనిమిది మంది ఒక్కసారిగా తమ తమ బట్టల లోపలి పట్టీలు తడుముకున్నారు.

బావ గొంతు తగ్గించాడు. "నెమ్మదిగా మాట్లాడు. మీ అక్కకి తెలీదు."

"ఆ పట్టీ వెయ్యమని చెప్పిందే అక్క. 'ఆయన పాపం ఆ అంకె చూసుకుంటే పొద్దంతా ముభావంగా ఉంటాడే' అంది."

పదేళ్ళ రహస్యం, అదీ తన పెళ్ళాం దగ్గరే తనకి తెలీకుండా దాగి ఉంది! బావ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"నువ్వంటే నాకు ప్రాణమే. నా కూతురితో సమానం. కానీ ఇల్లు వేరు, కొట్టు వేరు. గీసెయ్యండి గుమాస్తా గారూ." మళ్ళీ మరదలి వైపు తిరిగి, "నీకో మంచి పరుపు కుట్టిస్తానే. డబుల్ దూది," అన్నాడు.

"నాకు పరుపెందుకు బావా. కమ్మి కావాలి."

గుమాస్తా ఎర్ర కలంతో అడ్డంగా గీత గీశాడు. నలభై తొమ్మిది.

టైలరమ్మ వరస వైపు తిరిగింది. మెడలో టేపు వేలాడుతోంది. దాని రెండు చివరలూ పట్టుకుని నిలబడింది.

"ఇన్నేళ్ళలో మీ కొలత ఎవరికైనా చెప్పానా?"

వరస పొట్టలు ఇంకాస్త లోపలికి లాక్కుంది.

"మీలో ఒక్కరినైనా లావన్నానా? బట్టదే తప్పన్నాను. దారానిదే తప్పన్నాను. ఒకసారి వానదే తప్పన్నాను."

"నిజమేనమ్మా," అంది వరసలోంచి ఓ గొంతు. "కమ్మి వద్దని కాదు మేము. మా అల్లుడు ఆ బోర్డు ముందు నుంచే పనికెళ్తాడు."

వరస ఒక్క అడుగు ముందుకు జరిగింది. ఇంకొక్కటి గీస్తే నలభై ఎనిమిది. అప్పుడిక ఆ మిగిలిన ఒక్కరు వచ్చి పెట్టినా యాభై కాదు. గుమాస్తా కలం సిరాలో ముంచాడు.

"ఆగండి, ఆగండి!" వీధిలోంచి కేక. "ముసలావిడ దిగుతోంది!"

వరస మొత్తం గుమ్మంలోకి పరిగెత్తింది. గుమాస్తా కూడా కలం పట్టుకునే పరిగెత్తాడు. ఆఫీసు ఉన్నది మెట్లవీధికి ఎదురుగానే కాబట్టి అందరికీ కనపడింది. నూట పన్నెండో మెట్టు మీద, నడుముకి రెండు తలగడలు తాడుతో కట్టుకుని, భుజాల మీద శాలువా కప్పుకుని, అత్తగారు కూర్చుని దిగుతోంది. ఒక మెట్టు మీద కూర్చోవడం, చేతులు ఆనించడం, కింది మెట్టు మీదికి జారడం. జారినప్పుడల్లా మెట్టుని ఒక తిట్టు తిట్టడం. నూట పన్నెండు మెట్లకి నూట పన్నెండు తిట్లు, ఒకటి రెండోసారి వాడలేదు. నలభయ్యో మెట్టు దగ్గరికి రాగానే ఆ వదులు రాళ్ళు భయపడి కదలడం మానేశాయి. సాయానికి ఇద్దరు మగవాళ్ళు పైకి పరిగెడితే, "నన్ను ముట్టుకుంటే మీ ఇద్దర్నీ వేసుకునే పడతా," అంది. వాళ్ళు చెరో పక్కా చేతులు చాపి, ముట్టుకోకుండా, పీతల్లా పక్కకి నడుస్తూ దిగారు.

ఆవిడ ఆఫీసు గుమ్మం తొక్కేసరికి నాలుగున్నర.

"అత్తయ్యా!" టైలరమ్మ ఎదురెళ్ళింది. "ఎందుకు దిగారు? ఆ మోకాలితో..."

"మోకాలు నాది, నువ్వు నోర్మూసుకో. కాగితాలిచ్చే ముందు ఒకసారి చదువుకోవాలని తెలీదటే నీకు? కిందనుంచి కేకేసి చెప్పారు నీ ఘనకార్యం." ఆవిడ ఆయాసపడుతూ జాలీ పట్టుకుంది. "ఏమయ్యా గుమాస్తా, ఎన్నున్నాయి?"

"నలభై తొమ్మిదండీ."

"నాకు సంతకం పెట్టే హక్కుందా?"

"ఉందండీ. పెడితే యాభై."

"వారం రోజులు అడిగితే పెట్టలేదు మీరు," అంది టైలరమ్మ. "అన్నం మానేశా, అయినా పెట్టలేదు."

"ఎందుకు పెట్టాలే? నా మోకాలు పేరు చెప్పి యాభై గుమ్మాలు ఎక్కావు. నా కోసం నువ్వు ఇంకోళ్ళ ముందు నిలబడి అడుక్కోవడం నేను చూడలేను. అందుకని పెట్టలేదు. ఇప్పుడు వీళ్ళు నిన్ను అడుక్కోనిచ్చి కూడా వెనక్కి తీసుకుంటున్నారుట. అది మరీ చూడలేను." ఆవిడ చెయ్యి చాపింది. "నా పేజీ ఏదీ?"

"మీకు పేజీ లేదు అత్తయ్యా. మీరెప్పుడు కొలవనిచ్చారు? పదేళ్ళ కిందటి గౌను సరిగ్గా సరిపోతోందని తరిమేసేవారుగా."

"అయితే ఇప్పుడు కొలువు."

గుమాస్తా దగ్గాడు. "కొలత అక్కర్లేదండీ, సంతకం చాలు."

"అందరికీ ఉండి నాకొక్కదానికే లేకపోతే ఎట్లా? రూలంటే అందరికీ ఒకటే అన్నావుగా, కొలువే."

టైలరమ్మ తలగడలు విప్పింది. శాలువా తీసింది. తీసి, ఆగిపోయింది.

గౌను వెనకాల పై నుంచి కింది దాకా పిన్నీసులు. బట్టని మడతలు మడతలుగా లాగి, ఒకదాని మీద ఒకటి గుచ్చి ఉన్నాయి. ఏడున్నాయి. ఇంట్లో ఎండైనా వానైనా ముసలావిడ శాలువా ఎందుకు తియ్యదో కోడలికి అప్పుడు అర్థమైంది. టేపు తీసి నడుము చుట్టూ తిప్పింది. టేపు తిరుగుతూనే ఉంది.

"ఎంత?" అంది అత్త.

కోడలు టేపు మళ్ళీ ఒకసారి తిప్పి చూసింది.

"ఎంతే?"

"ఇరవై ఆరు," అంది టైలరమ్మ. చెప్పి, అత్త భుజం మీద తల పెట్టేసింది. "ఇంటినిండా దారం ఉంది, సూదులున్నాయి. నాతో ఒక్క మాట చెప్పచ్చుగా, కుట్టు బిగించి ఇచ్చేదాన్నిగా. పిన్నీసులేంటి అత్తయ్యా!"

"చెప్తే నువ్వు కుట్టేదానివా? మిషను పక్కన పడేసి, గిన్నె పట్టుకుని నా వెనకాల తిరిగేదానివి." ముసలావిడ కోడలి వీపు నిమిరింది. "నడవని మనిషికి ఆకలెక్కడ్నుంచి వస్తుందే? పొద్దున్నుంచి కిటికీ దగ్గర కూర్చుంటాను. కింద అందరూ నడుస్తూ ఉంటారు. చూసి చూసి కడుపు నిండిపోతుంది."

వరసలో పొట్టలు లాక్కుని నిలబడ్డవాళ్ళు ఊపిరి వదిలేశారు.

టైలరమ్మ కళ్ళు తుడుచుకుని కొత్త పేజీ తీసింది. అత్త పేరు రాసింది. నడుము దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది, రెండుకి బదులు మూడు వెయ్యబోయింది.

"పెంచకు," అంది అత్త. "నీ బావకి తగ్గించినట్టు నాకు పెంచకు. ఉన్నది రాయి."

రాసింది. ముసలావిడ వంగి, నాలుగేళ్ళుగా బుట్ట తాడు లాగి లాగి కాయలు కాసిన వేళ్ళతో సంతకం పెట్టింది. పెట్టి, వరస వైపు తిరిగింది.

"ఇరవై ఆరు. విన్నారుగా? ఇప్పుడు ఎవరి నడుము చూసి ఎవరు నవ్వినా ముందు నా దగ్గర మొదలుపెట్టాలి. ఊఁ, కానివ్వండి. ఎవరి సంతకం వాళ్ళు తీసుకెళ్ళండి."

ఒక్కరు కదల్లేదు. గోడ గడియారం కూడా ఆ కాసేపు ఆగిందంటారు, దాని సంగతి నాకు తెలీదు. ఆ తర్వాత వరసలో మూడో ఆయన, భుజం వంకర గాలి వల్ల వచ్చిందనే ఆయన, బయటికి జరిగి అన్నాడు: "నాది నలభై రెండు. ఉండనివ్వండి."

"నాది ముప్పై తొమ్మిది," అంది ఇంకొకావిడ. "పెళ్ళికి ముందు ఇరవై నాలుగు. అది రాయలేదేం?"

"నలభై!"

"నలభై మూడు, భోజనం చేశాక నలభై నాలుగు!"

వేలంపాటలా అయిపోయింది. కేకలకి కిటికీ అద్దాలు అదిరాయి. అందర్లోకీ వెనకనించి, హాలు దద్దరిల్లేలా, "నలభై ఆరు!" అని ఒక అరుపు. బావ! ఏడుస్తూ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "నా సంతకం నాకిచ్చెయ్యండి, మళ్ళీ పెడతా!"

"ఒకసారి తీసుకుంటే మళ్ళీ కుదరదండీ," అన్నాడు గుమాస్తా.

"అయితే ఆ బోర్డు పక్కన నన్నే నిలబెట్టండి. పొద్దుటిదాకా నిలబడతా. చూసుకోనివ్వండి!"

"బావా, ఇంటికెళ్ళు," అంది టైలరమ్మ, నవ్వుతూ ఏడుస్తూ. "అక్కకి నువ్వే చెప్పు, పట్టీ మార్చెయ్యమంటావో లేదో."

గుమాస్తా మళ్ళీ లెక్కపెట్టాడు. స్పాంజి, బొటనవేలు, కాగితం. యాభై. అయిదుకి రెండు నిమిషాలు తక్కువ. ముద్ర కొట్టాడు. ఆ ముద్ర దెబ్బకి బల్ల మీదున్న సిరా బుడ్డి గాల్లోకి లేచి తిరిగి తన చోట్లోనే కూర్చుంది. జిగురు డబ్బా పట్టుకుని బయటికెళ్ళి, కాగితాలు వరసగా బోర్డుకి అతికించి, కొత్త బల్బు వేశాడు.

ఇక మిగిలింది ఓటు. రేపు పొద్దున్న పదింటికి. ఆరుగురిలో ముగ్గురు టైలరమ్మ వైపని ఊరంతటికీ తెలుసు. ఇద్దరు కండక్టరు ఏం చేస్తే అది చేసేవాళ్ళు. చీలితే ఆయన మాటే నెగ్గుతుంది. అంటే కమ్మి పడాలన్నా పడకూడదన్నా ఒకే ఒక్క చెయ్యి. ఆ చెయ్యి గల మనిషి వెనక్కి చేతులు కట్టుకుని, నిదానంగా బోర్డు చదువుతున్నాడు.

మొదటి పేజీకి చిరునవ్వు నవ్వాడు. రెండో పేజీకి గట్టిగా నవ్వాడు. మూడో పేజీలో ముప్పై ఒకటో పేరు దగ్గర వేలు ఆగిపోయింది. నవ్వు కూడా అక్కడే ఆగింది, సగంలో. మొహం మీద ఎటు పోవాలో తెలీక ఉండిపోయింది.

ముప్పై ఒకటో పేరు ఆయన భార్యది. పక్కన సంతకం. టైలరమ్మ రాతలో ఒక ముక్క: "నడుము ముప్పై నాలుగు. అడక్కుండానే నిజం చెప్పే మనిషి."

వెనక్కి తిరిగి చూశాడు. భార్య అక్కడే ఉంది. అత్తగారి చంక కింద చెయ్యి వేసి నిలబెట్టి పట్టుకుని ఉంది.

"నువ్వు సంతకం పెట్టావా?"

"పెట్టా."

"నాతో చెప్పలేదే!"

"ఓటు ఎటు వేస్తావో నాతో చెప్పావా నువ్వు?" అంది ఆవిడ. "మెట్ల మొదట్లో ఉంటాం మనం. పైనుంచి ఎవరు జారినా దొర్లుకుంటూ వచ్చి మన గుమ్మంలోనే పడతారు. నాలుగేళ్ళ కిందట ఈవిణ్ణి లేపింది నేను. ఆ రోజు నువ్వు మీటింగులో ఉన్నావు."

కండక్టరు ఏదో అనబోయాడు. ఆవిడ అననివ్వలేదు. ముసలావిడ వైపు తిరిగి, "పెద్దమ్మా, ఈ మోకాలితో ఇప్పుడు పైకెక్కుతానంటే నేను ఒప్పుకోను. మా ఇంటికి రండి. ముందుగది ఖాళీగానే ఉంది," అంది.

"ఎన్నాళ్ళమ్మా?"

"కమ్మి పడేదాకా."

టైలరమ్మ బిత్తరపోయి కండక్టరు వైపు చూసింది. ముసలావిడ ఆయన్ని పై నుంచి కిందికి, దర్జీ చూసినట్టు, తీరిగ్గా చూసింది.

"ఓటు పదింటికి కదూ బాబూ?" అంది. "నేను నాలుగింటికే లేస్తాను. నాలుగేళ్ళుగా మాట్లాడ్డానికి మనిషి దొరక్క దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. నువ్వు పడుకునే ఉండు, ఫర్వాలేదు, నేను నీ మంచం పక్కన కూర్చుని చెప్తాను."

వీధంతా కండక్టరు మొహం వైపే చూస్తోంది. ఆయన ఒకసారి భార్యని చూశాడు, ఒకసారి బోర్డుని, ఒకసారి నూట పన్నెండు మెట్లని కింద నుంచి పై దాకా. చెయ్యి జేబులోంచి బయటికి తీశాడు. నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడు, పొద్దున్నుంచి కొళాయి దరఖాస్తు పట్టుకుని బల్ల మీద కూర్చున్న రెండో వార్డు మనిషి జనాన్ని తప్పించుకుంటూ బోర్డు ముందుకొచ్చి, అన్ని కాగితాలూ చివరిదాకా చదివి, చాలా బాధగా గుమాస్తాని అడిగాడు:

"మా వార్డులో సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందండీ? నా నడుము ముప్పయ్యే, ఇన్నేళ్ళుగా ఒక్క ప్రభుత్వ కాగితం మీద కూడా ఎక్కించలేదు!"